రాఘవమ్మ చెయ్యి

నందిగామలో ఆ రోజుల్లో బాలింతకి రొమ్ము గట్టిపడి, జ్వరం తగిలి, బిడ్డ నోరు పెడితే ప్రాణం పోయినట్టుంటే, ఇంట్లో పెద్దవాళ్లు ఆలోచించేది ఏమీ ఉండేది కాదు. రాఘవమ్మ ఇంటికి నడిపించుకెళ్లేవాళ్లు. ఆవిడ వైద్యురాలూ కాదు, మంత్రసానీ కాదు. కాస్త మెట్టపొలం, ఒక కొడుకు, ఒక కోడలు, పాలిచ్చే గేదెలు ఉన్న రైతు ఇల్లాలు. భర్త పోయి చాలా కాలమైంది. చదువు లేదు. ఉన్నదల్లా హస్తవాసి. ఆ చెయ్యి పడితే ఎంత మొండి గడ్డయినా మాట వింటుందని ఊరంతా నమ్మింది. ఊరి కంటే ముందు రాఘవమ్మ నమ్మింది.

ఆవిడ పని చూసి తీరాలి. అవిసె గింజలు నూరి, ఆముదంలో ఉడికించి, ఆ ముద్దని ఉమ్మెత్తాకు మీద పరిచి, ఓర్చుకోగలిగినంత వేడి మీద గడ్డకి వేసి, పాత పంచె చింపిన గుడ్డతో కట్టు కట్టేది. చేతులు పనిచేస్తుంటే నోరు ఊరుకునేది కాదు. "అత్త మీద అరిచేటప్పుడు లేని నొప్పి ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందే, కదలమాక" అని కసిరేది. తిట్లు తింటూ, ఏడుస్తూనే వాళ్లు నవ్వేవాళ్లు. కట్టు మార్చేకొద్దీ గడ్డ ఎర్రబడి, మెత్తబడి, సలుపు ముదిరి, ఒకనాడు దానంతటదే పగిలేది. చీము అంతా పోయాక ఆ తల్లి బిడ్డని పక్కలో వేసుకుని ఒళ్లు తెలియకుండా నిద్రపోయేది. రాఘవమ్మ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. పుచ్చుకుంటే చెయ్యి చచ్చిపోతుందని ఆవిడ భయం.

ఆవిడకి ఒక పట్టుదల ఉండేది. పచ్చిగడ్డని కత్తికి చూపించకూడదు. అది పండాలి, పగలాలి, అప్పుడే పోతుంది. సలుపు లేని గడ్డయితే మరీ మంచిది, అది సాధువు, కట్టు కడుతూ దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. ఇట్లా అనుకున్నది ఆవిడ ఒక్కతే అయితే ఈ కథ చెప్పాల్సిన పనే లేదు. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట. నొప్పి లేదంటే రోగం లేదనుకోవడంలో ఎంత సుఖముందో చూడండి. ఆ సుఖమే ఎన్ని కొంపలు ముంచిందో లెక్క చెప్పేవాళ్లు లేరు.

ఆంధ్ర, తెలంగాణ కలిసి ఇంకా ఎన్నాళ్లో కాలేదు. సరిహద్దులోని గరికపాడు దాటితే నైజాం అనే మాట జనం నోళ్లలోంచి పోలేదు. అప్పుడే జగ్గయ్యపేటలో పుష్పవతి అనే లేడీ డాక్టరు చిన్న ఆసుపత్రి తెరిచింది. సన్నటి మనిషి, క్రైస్తవుల అమ్మాయి, మెడలో గొలుసైనా లేకుండా నేత చీర కట్టుకుని తిరిగేది. ఒకరోజు మధ్యాహ్నం నందిగామ మహిళా మండలివాళ్లు ఆమెను పిలిపించి బడి వరండాలో మాట్లాడించారు. పిల్లల విరోచనాల గురించి, కాచిన నీళ్ల గురించి చెబుతుందనుకుని వెళ్లారు అందరూ. రాఘవమ్మ కూడా ముందు వరసలో చతికిలబడింది.

డాక్టరమ్మ ఆ రెండు ముక్కలూ చెప్పాక గొంతు కాస్త తగ్గించింది. "రొమ్ములో గడ్డ సలిపితే చాలావరకు పాలగడ్డే, వైద్యంతో తగ్గిపోతుంది. సలపని గడ్డకి భయపడండి. గట్టిగా రాయిలా ఉండి, పిల్లకి పాలిచ్చినా ఇవ్వకపోయినా కరగకుండా ఉందంటే ఆ రోజే నా దగ్గరికి రండి. కట్లు కట్టుకుంటూ కూర్చోకండి" అంది.

కట్లు అనేసరికి వరండాలో ఉన్న కళ్లన్నీ రాఘవమ్మ మీదికి తిరిగాయి. ఆవిడ ఊరుకుంటుందా. "అయితే అమ్మా, సలిపేది మంచిది, సలపనిది చెడ్డది. ఇంకానయం, ఏడ్చేవాళ్లు సుఖంగా ఉన్నట్టు, నవ్వేవాళ్లు చచ్చిపోతున్నట్టు అనలేదు" అంది. ఆడవాళ్లు పైట చెంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

పుష్పవతి నవ్వలేదు, కోప్పడలేదు కూడా. "మీ దగ్గరికి అట్లాంటి గడ్డతో వచ్చినవాళ్లు ఉండే ఉంటారు కదండీ. వాళ్లు ఇప్పుడెట్లా ఉన్నారు?" అని అడిగింది.

రాఘవమ్మకి ఒక మనిషి గుర్తొచ్చింది. రెడ్డిగూడెం నుంచి సూరమ్మ అనే ఆవిడ బండి కట్టించుకుని వచ్చేది. గడ్డ గట్టిగా ఉండేది, నొప్పి లేదని సంబరపడేది. రెండు పంటల కాలం కట్టు కట్టించుకుంది. ఆ తర్వాత రాలేదు. తగ్గిపోయిందేమో అనుకుంది రాఘవమ్మ. మనిషే పోయిందని, పోయేముందు చెయ్యి వాచి ఎత్తలేకపోయిందని తర్వాతెప్పుడో తెలిసింది. దిష్టి తగిలిందన్నారు వాళ్లు. సరేనని ఈవిడా అదే అనుకుంది. ఆ సూరమ్మ ఒక్కతే కాదు, ఇంకా ఎవరెవరో, పేర్లు గుర్తు లేనివాళ్లు. రాఘవమ్మ ఆ సాయంత్రం అందరికంటే ముందే లేచి ఇంటికొచ్చింది.

వచ్చి స్నానానికి కూర్చుంది. ఆ డాక్టరు పిల్ల మాట ఎంత పిచ్చిదో తనకి తాను చూపించుకుందామన్నట్టు తన ఒళ్లే తడిమి చూసుకుంది. ఎడమ రొమ్ములో, లోపలగా, చింతగింజంత గట్టి గడ్డ వేలికి తగిలింది. నొక్కింది. నొప్పి లేదు. మళ్లీ నొక్కింది. చెంబులో నీళ్లు చల్లారిపోయేదాకా అక్కడే కూర్చుంది.

మీరైతే మర్నాడే బస్సెక్కేవాళ్లమని అంటారు. అందరం అట్లాగే అంటాం. రాఘవమ్మ మర్నాడు అవిసె గింజలు నూరింది. కొడుకు బుల్లిబాబు పొలం వెళ్లాక, కోడలు కమలాకుమారి పసిదాన్ని చంకనేసుకుని రేవుకి బట్టలు తీసుకెళ్లాక, తలుపు గడియ పెట్టుకుని తన కట్టు తనే కట్టుకుంది. ఊళ్లో ఇన్ని గడ్డలు తగ్గించిన చెయ్యి తన గడ్డ తగ్గించదా అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. రోజూ మధ్యాహ్నం వేలితో నొక్కి చూసుకునేది, సలుపు పుట్టిందేమోనని. ఇన్నేళ్లూ ఆడవాళ్ల నొప్పి తగ్గాలని మొక్కుకున్న మనిషి, తనకి నొప్పి రావాలని పెనుగంచిప్రోలు తిరపతమ్మకి మొక్కుకుంది. పండితే చాలు తల్లీ, సలిపితే చాలు అంది.

సలపలేదు. మిరప కోతలొచ్చాయి, కళ్లాల్లో కాయ ఎండింది, బస్తాలకెత్తారు. చింతగింజ కుంకుడుకాయైంది. ఆ పైన చర్మం లోపలికి లాగినట్టు గుంట పడింది. ఎవరిదైనా గడ్డ అట్లా కనిపిస్తే రాఘవమ్మ ఏదో ఒకటి చెప్పి ధైర్యం చేసేది. తనకి తాను చెప్పుకోవడానికి ఒక్క మాటా దొరకలేదు.

ఒకరోజు జగ్గయ్యపేటలో చుట్టాలింట్లో పనుందని చెప్పి బస్సెక్కింది. పుష్పవతి ఆవిడని చూసిన క్షణంలోనే గుర్తుపట్టింది, కానీ ఆ సంగతి ఎత్తలేదు. తెర చాటుకి తీసుకెళ్లి రొమ్ము చూసింది, చంకలో చూసింది. చంకలో చూసేటప్పుడు ఆమె వేళ్లు ఒకచోట ఆగాయి. ఎక్కడ ఆగాలో తెలిసిన వేళ్లు అవి. రాఘవమ్మ ఆ వేళ్లనే చూస్తూ కూర్చుంది.

"ఎన్నాళ్లయింది?" అని అడిగింది డాక్టరమ్మ.

"మీరు మా ఊరొచ్చిన రోజున చూసుకున్నా."

"ఆ రోజే రావాల్సింది రాఘవమ్మగారూ."

"అంతమందిలో అంత మాటన్నాక ఏ మొహం పెట్టుకుని వస్తానమ్మా."

పుష్పవతి చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. "దీన్ని క్యాన్సర్ అంటారు" అంది.

"రాచపుండు అంటాం మేం. పేరు పెట్టి పిలవం."

"గుంటూరు పెద్దాసుపత్రికి రాసిస్తాను. రొమ్ము తీసేస్తారు. అది మానాక హైదరాబాదు వెళ్లి కరెంటు పెట్టించుకోవాలి, కిరణాలతో మిగిలిన రోగాన్ని మాడుస్తారు. వారాల తరబడి అక్కడే ఉండాలి. తోడు మనిషి కావాలి."

"బతుకుతానా?"

"మీతో అబద్ధం ఆడను. చంకలోకి పాకింది. వెళ్తే కొంత కాలం కలిసొస్తుంది, బాధ తగ్గుతుంది. మొదట్లోనే వచ్చినవాళ్లయితే బతకడానికి వీలుంది."

రాఘవమ్మ తన అరచేతులు చూసుకుంది. తర్వాత అడిగింది: "ఇది అంటుకుద్దా అమ్మా? ఇంట్లో పసిది ఉంది, నా పక్కలోనే పడుకుద్ది."

"అంటుకోదు. ముట్టుకుంటే రాదు, పక్కన పడుకుంటే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. ఆ భయం పెట్టుకోకండి."

ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చింది. వస్తూనే మనవరాలిని ఎత్తుకుని, కుడివైపు ఆనించుకుని, చీకటి పడేదాకా వదల్లేదు. గుంటూరు మాట మాత్రం ఇంట్లో ఎత్తలేదు. మిరప అమ్ముడైతే గానీ బుల్లిబాబుకి కదలడానికి లేదన్నది ఒక వంక. అసలు సంగతి వేరు. రాఘవమ్మ తన గడ్డ కోయించుకోవడానికి గుంటూరు వెళ్లిందని తెలిస్తే ఆ చేతికి ఇంక విలువేముంది? ఆవిడ పరువు ప్రాణం కంటే పెద్దదేమీ కాదు. కానీ ప్రాణం ఎట్లాగూ పోయేదేనని తెలిశాక పరువు ఒక్కటే మిగిలినట్టుంటుంది. పైగా కత్తి అంటే ఆవిడకి భయం. ఆ భయం ఎవరికీ తెలియదు.

ఆ గడ్డ చివరికి పగిలింది. అయితే పాలగడ్డ పగిలినట్టు కాదు. చీము లేదు, ఉపశమనం లేదు. పుండు నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది. వాసన తెలియకుండా పసుపు, కర్పూరం దట్టించి, రెండు చీరల గుడ్డ చుట్టుకుని తిరిగేది. ఇంట్లో ఎలక చచ్చిందేమోనని కమలాకుమారి ఒకటికి రెండుసార్లు మూలలన్నీ వెతికింది.

అదుగో, అట్లాంటి రోజుల్లో వలీబీ తన కోడలు హజరాబీని వెంటబెట్టుకుని వచ్చింది. వలీబీ కొడుకు ఖాదర్ వలి బెజవాడ, హైదరాబాదు మధ్య లారీ నడిపేవాడు. హజరాబీకి ముప్పై నిండలేదు. చంకలో చంటివాడు, ఇంకా పాలు మానలేదు. ఆ పిల్లకి మొదటి కానుపులో పాలగడ్డ లేస్తే కట్టు కట్టి తగ్గించింది రాఘవమ్మే. అందుకే వలీబీ ఇంట్లోకి వస్తూనే సొంత ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది.

"రాఘవమ్మక్కా, మళ్లీ పాలగడ్డే లేచింది దీనికి. ఈసారి జొరం లేదు, నొప్పి లేదు. మంచి గడ్డే. నీ చెయ్యి వెయ్యి, పోద్ది" అంది.

రాఘవమ్మ చెయ్యి వేసింది. చింతగింజ కంటే కాస్త పెద్దది. గట్టిగా ఉంది, అంచులు గరుకుగా ఉన్నాయి. ఇన్నాళ్లూ రోజూ మధ్యాహ్నం తలుపేసుకుని నొక్కి చూసుకున్న గడ్డే ఇంకొకరి ఒంట్లో వేలికి తగిలింది. చంకలో చూసింది. చంకలో ఏమీ లేదు. ఇంకా పాకలేదు. 

"ఎన్నాళ్లయిందే?"

"రంజాను ముందు చూసుకున్నా పెద్దమ్మా. నొప్పి లేదు కదా అని చెప్పలేదు" అంది హజరాబీ.

"దీనికి నేను కట్టను. రేపు పొద్దున్నే జగ్గయ్యపేట డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లు వలీబీ."

వలీబీ మొహం చిన్నబోయింది. "అదేంటక్కా. ఆమె దగ్గరికెళ్తే రొమ్ము కోయించుకోమంటదంట. పాలు తాగే పిల్లాడున్నాడు. మావాడితో ఆ మాట ఎట్టా చెప్పను, నలుగురిలో ఎట్టా తలెత్తుకోను? నువ్వు కట్టు. నువ్వు కట్టనంటే కీసరలో వాతలు పెట్టే ఆయన ఉన్నాడంట, ఆయన దగ్గరికి తీసుకెళ్తా."

"కాలిస్తే ఇంకా రేగుద్ది. చెప్తున్నా విను."

"నీకు ఇష్టం లేక చెప్తున్నావు. మేం ఏం తప్పు చేశాం?"

రాఘవమ్మ బతిమాలింది, తిట్టింది, చంటివాడి మీద ఒట్టు పెట్టింది. వలీబీ వినలేదు. ఇన్నేళ్లు ఏ మాట చెప్పి ఊరందరినీ కూర్చోబెట్టిందో ఆ మాటనే వలీబీ తిరిగి అప్పజెబుతోంది. నొప్పి లేదుగా, మంచి గడ్డేగా, పండనివ్వాలిగా. రాఘవమ్మకి కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. లేచి వెళ్లి తలుపు గడియ వేసింది. వెనక్కొచ్చి పైట తీసి, రవిక ముడి విప్పి, గుడ్డ చుట్లు ఊడదీసింది.

"చూడు" అంది. "ఇదీ నొప్పి లేకుండానే వచ్చింది."

హజరాబీ చంటివాడి మొహాన్ని చేత్తో కప్పేసింది. వలీబీ గోడ దాకా జరిగిపోయింది. గదంతా ఆ వాసన నిండింది.  అప్పుడు వలీబీ, పుండుని కాకుండా రాఘవమ్మ చేతుల్ని చూస్తూ అడిగింది: "ఈ చేతులతోనేనా అక్కా, నా కోడలికి మొదటి కానుపులో కట్టు కట్టింది? ఇప్పుడు ముట్టుకుంది ఈ చేతులతోనేనా?"

ఏమడుగుతోందో రాఘవమ్మకి వెంటనే అర్థమైంది. కాదని ఒక్క మాటంటే సరిపోయేది. ఇది అంటుకునేది కాదని డాక్టరమ్మ నోటితో విన్నది తనే. కానీ అంటుకోదంటే వలీబీ ఊపిరి పీల్చుకుంటుంది, ఊపిరి పీల్చుకుంటే కీసర వెళ్తుంది. వలీబీ కళ్లలో ఇప్పుడున్న భయం పోతే హజరాబీ పోతుంది. గంట నుంచీ ఏ మాటకీ కదలని మనిషి ఈ భయానికి కదిలేట్టుంది.

"అవును" అంది రాఘవమ్మ. "ఈ చేతులతోనే. ఇది అంటుకుద్ది. నా నుంచే వచ్చింది దానికి. కీసరలో కాలిస్తే ఇల్లంతా పాకుద్ది. మీ ఇంట్లో పిల్లలు బతకాలంటే రేపే తీసుకెళ్లు. కోయమంటే కోయించు. కరెంటు పెట్టాలంటే పెట్టించు. అది పూర్తయ్యేదాకా ఇంటికి తీసుకురామాక."

వలీబీ కోడలిని రెక్క పట్టుకుని లాక్కుపోయింది. హజరాబీ వెనక్కి తిరిగి చూసిన చూపు రాఘవమ్మకి చాలా కాలం గుర్తుండిపోయింది. చెయ్యని నేరం ఒప్పుకున్నవాళ్లని అట్లాగే చూస్తారు కాబోలు.

మర్నాటికి ఆ మాట ఊరంతా పాకింది. రాఘవమ్మ చేతిలో రాచపుండు ఉందట, ఆ చెయ్యి తగిలిన ప్రతి ఆడదానికీ వస్తుందట. ఇన్నేళ్లలో ఆ చెయ్యి తగలని ఆడది ఆ చుట్టుపక్కల ఎక్కడుంది? జగ్గయ్యపేట వెళ్లే బస్సులు ఆడవాళ్లతో నిండిపోయాయి. అత్తలు కోడళ్లని తీసుకెళ్లారు, కూతుళ్లు తల్లుల్ని తీసుకెళ్లారు. సిగ్గుపడి మొగుడికి కూడా చూపించనివాళ్లు తెర చాటున రవికలు విప్పి మమ్మల్ని చూడండమ్మా అని వరస కట్టారు. మహిళా మండలిలో చెప్పిన మాట ఒక్క మనిషిని కదిలించలేదు. ఈ అబద్ధం మాత్రం పరగణా అంతటినీ లేపి నిలబెట్టింది. మనుషుల సంగతి అంత, ఏం చేస్తాం.

వారం తిరిగేసరికి పుష్పవతి నందిగామ వచ్చింది. కోపంతో మొహం ఎర్రగా ఉంది.

"అంటుకోదని మీకు చెప్పానా లేదా?"

"చెప్పారమ్మా."

"మరి ఊరందరికీ అంటుకుంటుందని ఎట్లా చెప్పారు?"

"వాళ్లే అనుకున్నారు. నేను కాదనలేదు. వలీబీతో మాత్రం నేనే అన్నా."

"రేపు ఈ జబ్బొచ్చిన ప్రతివాళ్లనీ ఇంట్లోంచి తోసేస్తారు. తోసేస్తారని భయపడి దాచుకుంటారు. మీ అబద్ధం ఏడాది పనిచేస్తుంది. ఆ తర్వాత దాన్ని మాపడానికి నా జీవితం సరిపోదు" అంది పుష్పవతి.

ఆ మాటలో అబద్ధం లేదు. రాఘవమ్మ "హజరాకి ఏముంది?" అని అడిగింది.

డాక్టరమ్మ గొంతు మెత్తబడింది. "అదే. మొదట్లోనే దొరికింది. గుంటూరు పంపాను. ఇంకా ఒకరిద్దరికి అనుమానంగా ఉంది, వాళ్లనీ పంపాను."

"ఏడాది చాలమ్మా నాకు. ఆ పిల్లకి కోయడం, కరెంటు పెట్టడం అయిపోతే చాలు. తర్వాత మీరు నిజం చెప్పుకోండి. కాదనడానికి నేనుండనుగా."

"వచ్చినవాళ్లకి ఇప్పుడే చెబుతున్నాను, అంటుకోదని. ఎవరూ నమ్మడం లేదు."

"చెప్పండి. రానివ్వండి, చెప్పండి."

పుష్పవతి వెళ్లేముందు పుండు కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, నొప్పికి మాత్రలిచ్చింది. అవును, అప్పటికి నొప్పి వచ్చేసింది. ఎన్నాళ్లుగానో మొక్కుకున్న సలుపు, వచ్చాక ఇంక వదల్లేదు.

ఊరి మాట ఇంటికి రాకుండా ఉంటుందా. కమలాకుమారి చెడ్డ పిల్ల కాదు, భయపడ్డ పిల్ల. అత్తగారి మంచం గొడ్ల చావడిలోకి మార్చింది. కంచం, చెంబు వేరు చేసింది. అన్నం తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, ఏడుస్తూ వెనక్కి వెళ్లిపోయేది. పసిదానికి అప్పుడే అడుగులు పడుతున్నాయి. నాయనమ్మ గొంతు వినపడితే చావడి వైపు పరిగెత్తబోయేది. ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్ని రెక్క పట్టి లాగేవాళ్లు. దాని ఏడుపు రాఘవమ్మకి పుండు కంటే ఎక్కువ సలిపేది.

ఇంతలో గుంటూరులో హజరాబీకి రొమ్ము తీసేశారని, కోసిన చోట మానిందని, హైదరాబాదు తీసుకెళ్లడమే మిగిలిందని కబురొచ్చింది. ఖాదర్ వలి వెనకాడుతున్నాడని కూడా తెలిసింది. కోసేశారు కదా, ఇంక అన్ని వారాలు బండి ఆపుకుని అక్కడ కూర్చోవాలా అంటున్నాడట. చంటివాడు తల్లి కోసం బెంగపడి చిక్కిపోయాడట. వలీబీ మాత్రం కరెంటుతో ఆ విషమంతా మాడిపోతే గానీ కోడలు గడప తొక్కడానికి వీల్లేదని మొండికేసి కూర్చుందట. తన మాట తల్లీబిడ్డల్ని కూడా విడదీసిందని రాఘవమ్మ అప్పుడు తెలుసుకుంది. ఆ పాపం తనదేనని ఒప్పుకుంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ సాయంత్రమే బుల్లిబాబు చావడిలోకి వచ్చి నిలబడ్డాడు. జగ్గయ్యపేట వెళ్లి డాక్టరమ్మని కలిసొచ్చాడు.

"అమ్మా, అది అంటుకోదని ఆమె ఒట్టేసి చెప్పింది. నువ్వే అంటుకుద్దని అన్నావంట. నిజం ఏదో నువ్వు చెప్పు. నువ్వు అంటుకోదంటే ఇప్పుడే నిన్ను ఇంట్లోకి తీసుకెళ్తా. పసిదాన్ని నీ పక్కలో పడుకోబెడతా. కమల సంగతి నేను చూసుకుంటా."

రాఘవమ్మ కొడుకు మొహం చూసింది. వాడి వెనక, వాకిట్లో, తల్లి చెయ్యి విదిలించుకుంటూ పసిది ఇటే చూస్తోంది. ఎంత చిన్న మాట. అంటుకోదురా, తీసుకురా దాన్ని. అంతే. కానీ ఇంట్లో అన్న మాట పాలు పోసే ఆవిడ నోట్లో పడి రేవుకెళ్తుంది, రేవు నుంచి వలీబీ గుమ్మంలోకి వెళ్తుంది. రాఘవమ్మ మనవరాలిని ముద్దు చేస్తోందట, అంతా ఉత్తదేనట అంటారు. వలీబీ కోడలిని ఇంటికి తెచ్చేసుకుంటుంది. హైదరాబాదు వెళ్లే లారీ ఖాళీగా పోతుంది.

"అంటుకుద్ది" అంది రాఘవమ్మ. "డాక్టరమ్మకి తెలియదు. పసిదాన్ని ఇటు రానివ్వమాకండి."

బుల్లిబాబు వెనక్కి తిరిగి, పసిదాన్ని ఎత్తుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు. వాడు వెళ్లాక ఆవిడ నోట్లో చీర చెంగు కుక్కుకుని ఏడ్చింది.

మూడో రోజున ఖాదర్ వలి భార్యని హైదరాబాదు తీసుకెళ్లాడు.

వాళ్లు తిరిగొచ్చేసరికి ఎండలు ముదిరాయి. రాఘవమ్మ ఎడమ చెయ్యి దుంగలా వాచి, మంచం పట్టె మీద పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది. మాట సన్నగిల్లింది, చూపు మాత్రం బాగానే ఉంది. ఒకరోజు పొద్దున వీధిలో ఎవరో నిలబడి ఉన్నట్టనిపించి చూస్తే హజరాబీ. నల్లబడింది, చిక్కింది, జుట్టు పలచబడింది. కానీ కాళ్ల మీద నిటారుగా నిలబడి ఉంది. చంటివాడు చంకలో ఉన్నాడు. తల్లి మెడ గట్టిగా పట్టుకుని ఉన్నాడు, మళ్లీ ఎక్కడికైనా పోతుందేమోనని.

"పెద్దమ్మా" అంది వీధిలోంచే. "అంతా పోయిందన్నారు. భయం లేదన్నారు. ఇయ్యాలే వాణ్ణి నా చేతికిచ్చారు. నీకు చెప్పాలని వచ్చా."

రాఘవమ్మకి లేవాలనిపించింది. ఆ పిల్లని దగ్గరికి పిలిచి, కోసిన చోట తడిమి, చంకలో చూసి, నిజంగా ఏమీ లేదని తన వేళ్లతో తెలుసుకోవాలనిపించింది. ఇన్నేళ్ల అలవాటు. కుడి చెయ్యి పక్క మీంచి లేచింది కూడా.

హజరాబీ ఆ చెయ్యి చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. వేసినందుకు సిగ్గుపడింది, కళ్లు తుడుచుకుంది, ముందుకి మాత్రం రాలేదు. చంటివాడి తలని పైట కింద దాచుకుంది.

"నువ్వు పో" అంది రాఘవమ్మ. "ఎండలో నిలబడమాక."

హజరాబీ వెళ్లింది. వీధి మొదట్లో బావి ఉంది. అక్కడ ఆగి చంటివాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి, చేద వేసి నీళ్లు తోడి, ముందు వాడి కాళ్లు, తర్వాత తన కాళ్లు, చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. దేనికి కడుక్కుంటోందో రాఘవమ్మకి తెలుసు.  అయినా ఆ పిల్ల వంగుతోంది, చేద లాగుతోంది, బిడ్డని ఎత్తుకుంటోంది. బతికింది.

రాఘవమ్మ ఉన్న ఓపికంతా కూడదీసుకుని, వీధి చివరకి వినపడేట్టు కేకేసింది.

"మోచేతుల దాకా కడుక్కోవే."